ఏడు కుల్చాల లెక్క

ఆసఫ్‌జాహీల పసుపు జెండా మధ్యనున్న గుండ్రని గుర్తు చందమామ కాదు, కుల్చా రొట్టె అంటారు. రివాయత్ ఏమిటంటే, హజ్రత్ నిజాముద్దీన్ ఔరంగాబాదీ పసుపు గుడ్డలో చుట్టి పెట్టిన కుల్చాలు మీర్ ఖమరుద్దీన్ ఏడు తిన్నారట. ఏడు తరాల హుకూమత్ మీదేనని ఆ బుజుర్గ్ దువా ఇచ్చారట. 1724 నుంచి 1948 దాకా ఆసఫ్‌జాలు ఏడుగురే, సుబ్‌హానల్లాహ్!

మా బంటుమిల్లి వైపు నుంచి చూస్తే మాత్రం హిసాబ్ కుదరదు. మొదటి, రెండో ఆసఫ్‌జాల నడుమ నాసిర్ జంగ్, ముజఫ్ఫర్ జంగ్, సలాబత్ జంగ్ కూడా తఖ్త్ ఎక్కారు. ఆ ముగ్గురినీ ఏడుగురిలో లెక్కించరు, అంటే కుల్చా దక్కలేదన్నమాట. 1759లో మచిలీపట్నాన్ని ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చింది ఆ సలాబత్ జంగే. మనల్ని ఇచ్చేసిన హాకిం జెండా లెక్కలోనే లేడు.