మదరాసు ట్రిప్లికేన్ - మనం దిగి, చూడకుండా వచ్చే పేట



మన నెల్లూరు జిల్లా నుంచి మదరాసు వెళ్ళనివారు అరుదు. 1996 నుంచి చెన్నై అనాలి గాని మా తరం నోటికి మదరాసే వస్తుంది. ఆసుపత్రికని, పాస్‌పోర్టు పనికని, పెండ్లి బట్టలకని పోతాము. సెంట్రల్‌లో దిగుతాము, పని చూసుకుంటాము, తీరిక చిక్కితే సముద్రం చూసి సాయంత్రం బండి ఎక్కేస్తాము. ఆ సముద్రానికీ మౌంటు రోడ్డుకూ మధ్య ట్రిప్లికేన్ అనే పేట ఉన్నది. మనలో చాలామంది అక్కడి లాడ్జీల్లోనే దిగియుంటారు. దిగినవారే గాని చూసినవారు తక్కువ. మేము కూడ 2019 వరకు ఆ కోవలోనివారమే.

ఆ ఏడు రంజాన్ మాసంలో మా పెద్దన్నయ్యకు కంటి ఆపరేషను పడింది. నెల రోజులు ఊళ్ళో ఉండాలన్నారు. ఆసుపత్రికి దగ్గరగా ఒక మంచి పేటలో రెండు గదుల వాటా చూసి, బేరం కుదిరి, అడ్వాన్సు జేబులో పెట్టుకొని పోయాము. ఇంటాయన కాగితం మీద వ్రాసేందుకు పేరడిగాడు. చెప్పాము. కలం మూతపెట్టి, "మా అబ్బాయి వస్తానన్నాడండీ, వాడికి కావాలి" అన్నాడు. తరువాత రెండిళ్ళలోనూ ఎవరో ఒక అబ్బాయి వస్తూనే ఉన్నాడు! కోపం రాలేదని చెప్పము. అన్నయ్య మాత్రం కంటికి చేయి అడ్డం పెట్టుకొని "ట్రిప్లికేన్ పోదాం పద. అబ్బాజాన్ చదువుకొనే రోజుల్లో అక్కడే ఉన్నారు గదా" అన్నాడు.

అక్కడ మరొక చిక్కు. ట్రిప్లికేన్ నిండా "మేన్షన్"లు. పేరుకు మేడలు గాని, ఒక్కొక్క గదిలో ముగ్గురు నలుగురు మగవారు మంచాలు వేసుకొని బ్రతికే కొట్లవి. ఉద్యోగాలు వెతుక్కొనే కుర్రవారు, సినిమా ఆశతో వచ్చినవారు, గుమాస్తాలు తరతరాలుగా అక్కడే గడిపారు. ఆడవారితో వస్తే అక్కడ చోటు లేదు. మాతో మా వదిన, మా ఇంటివారు ఉన్నారు. చివరకు పెద్ద మసీదు వెనుక సందులో ఒక ముసలి బేగం తన ఇంటి వెనుక వాటా ఇచ్చింది. పేరు విని, ఊరు విని, "నెల్లూరా? మా మరిదిది వెంకటగిరి" అన్నది. అంతే, తాళం చెవి ఇచ్చేసింది. తమ పెద్దలు నవాబుగారి కొలువులో పనిచేశారని ఆమె చెప్పుకొన్నది. ట్రిప్లికేనులో ఆ మాట చెప్పని ఇల్లు మాకు తగల్లేదు లెండి.

ఈ నవాబు సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే అది మన జిల్లా సంగతి కూడ. ఊరి అసలు పేరు తిరువళ్ళిక్కేణి. అరవంలో అల్లి అంటే కలువ, కేణి అంటే కొలను. పల్లవుల నాటి పార్థసారథి ఆలయం చుట్టూ పెరిగిన పల్లె ఇది. 1670ల్లో ఇంగ్లీషు కంపెనీవారు దీనిని గోల్కొండ సుల్తాను దగ్గర కౌలుకు తీసుకున్నారు. తరువాత నూరేళ్ళకు ఇక్కడికి వచ్చినవాడు ఆర్కాటు నవాబు మహమ్మదలీ వాలాజా. ఆయన తండ్రి అన్వరుద్దీన్ 1749లో ఆంబూరు యుద్ధంలో చనిపోగా, ఇంగ్లీషువారి ఫిరంగుల నీడన గద్దె దక్కించుకున్నాడు. ఆ నీడ వదిలితే గద్దె ఉండదని తెలుసు గనుక ఆర్కాటు విడిచి కోటకు దగ్గరగా ట్రిప్లికేన్ ప్రక్కనే చేపాకంలో 1768లో మహలు కట్టించుకున్నాడు. నవాబు వెంట మున్షీలు, హకీములు, హాఫిజులు, సిపాయిలు, వంటవారు, అత్తరువారు వచ్చారు. ఈనాటికీ ఆ సందుల్లో దక్కనీ ఉర్దూ వినిపించడానికి మూలం అదే.

ఇటువంటి ప్రత్యేక సంచికల్లో నవాబుల వైభవం వ్రాసి ఊరుకోవడం మన అలవాటు. మాకది సరిగాదనిపిస్తుంది. ఆ మహలుకు సొమ్మెక్కడిది? నవాబు ఏలుబడి ఉత్తరాన మన నెల్లూరు సీమ నుంచి దక్షిణాన తిరునల్వేలి దాకా ఉండేది. కంపెనీవారి యుద్ధాల ఖర్చు నవాబు మీద పడింది. అది తీర్చడానికి కంపెనీ ఉద్యోగుల దగ్గరే సొంతానికి అప్పులు చేశాడు, పెద్ద వడ్డీలకు. పాల్ బెన్‌ఫీల్డ్ అనే కంట్రాక్టరు వారిలో ముఖ్యుడు. చేపాకం మహలు కట్టించింది కూడ ఇతడేనంటారు. వడ్డీ కింద జిల్లాల శిస్తు తాకట్టు పెట్టేవారు. అప్పిచ్చినవారి మనుషులే వచ్చి వసూలు చేసుకొనేవారు. ఈ ఆర్కాటు అప్పుల గొడవ 1785లో లండను పార్లమెంటు దాకా పోయి ఎడ్మండ్ బర్క్ దాని మీద పెద్ద ఉపన్యాసమే చేశాడు. చివరకు 1801 ఒప్పందంతో రాజ్యమంతా కంపెనీకి పోయింది, మన నెల్లూరు, ఒంగోలు కూడ. నవాబుకు బిరుదు, భరణం మిగిలాయి. 1855లో ఆఖరి నవాబు గులాం గౌస్ ఖాన్ సంతానం లేక చనిపోగా బిరుదూ తీసేశారు, చేపాకం మహలు సర్కారు పాలైంది. 1867లో ఆయన పినతండ్రి అజీంజాకు "ఆర్కాటు ప్రిన్సు" అని కొత్త బిరుదు ఇచ్చారు. ఆ కుటుంబం 1876 నుంచి అక్కడికి దగ్గరలోని అమీర్ మహలులో ఉంటున్నది. కనుక చేపాకం మహలు ముందు నిలబడి ఇది మనవారిదే అని మురిసిపోయే ముందు, మెట్ట చేలలో శిస్తు కట్టలేక ఊరు విడిచిన మన రైతులను కూడ తలచుకోవాలి. వారిలోనూ మనవారు ఉన్నారు.

ఆ మహలులోని ఖల్సా మహలు భాగం 2012 జనవరిలో అగ్నిప్రమాదంలో కాలింది. తరువాత బాగుచేశారు.

ఇక మసీదు. వాలాజా మసీదనీ, పెద్ద మసీదనీ అంటారు. నవాబు పోయిన 1795లోనే పూర్తయింది. నల్లరాతి కట్టడం, ముందు విశాలమైన ఆవరణ, వజూకు కొలను. మేము అక్కడ నెల రోజులు నమాజు చేసి కూడ గోడ మీది పారశీ పద్యాన్ని అలంకారమనే అనుకున్నాము. ఒకనాడు అసర్ తరువాత ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు. దానిని వ్రాసినవాడు రాజా మఖన్‌లాల్ ఖిరత్ అనే హిందువు, నవాబు కొలువులో పారశీ పండితుడు. మసీదు కట్టిన సంవత్సరం అందులోని మూడు అరబీ మాటల్లో దాచాడు. అరబీలో ప్రతి అక్షరానికీ ఒక అంకె ఉంటుంది గదా. జిక్ర్ 920, అల్లాహ్ 66, అక్బర్ 223. కూడితే హిజ్రీ 1209, అనగా మన 1795కు సరిపోయేది. అర్థం, అల్లాహ్ స్మరణ అన్నిటికంటె గొప్పదని. పిల్లలు ఇంట్లో కాగితం మీద వేసి చూడవచ్చు, లెక్క తప్పదు. కంటి కట్టుతో ఉన్న మా అన్నయ్య ఆ రాత్రి వేళ్ళ మీద మూడుసార్లు కూడి గాని నిద్రపోలేదు.

ఆవరణలో రెండు కబర్లను గూర్చి చెప్పి తీరాలి. ఒకటి లక్నో ఫరంగీ మహల్ నుంచి వచ్చిన మౌలానా అబ్దుల్ అలీ బహ్రుల్ ఉలూమ్ గారిది. బహ్రుల్ ఉలూమ్ అంటే విద్యల సముద్రం. నవాబు పిలిపించగా వచ్చి, ఇక్కడే పాఠాలు చెప్పి 1810లో చనిపోయారు. ఆయన వచ్చిన రోజున నవాబే పల్లకీకి భుజం పట్టాడని చెప్పుకొంటారు. రెండవది 1972లో పోయిన ఖాయిదె మిల్లత్ మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ గారిది. రాజ్యాంగ సభలో, పార్లమెంటులో కూర్చున్న మనిషి. ట్రిప్లికేన్ హైరోడ్డుకు ఇప్పుడు ఆయన పేరే.

రంజాన్ సాయంత్రాలు మేము మరచిపోలేనివి. అరవ ముస్లిముల మసీదుల్లో నోంబు గంజి పోస్తారు. బియ్యం, పప్పు, మెంతులు వేసి జారుగా కాచిన గంజి. రోజంతా ఎండిన కడుపుకు అంతకంటె హితమైనది లేదు. వాలాజా మసీదులో వడ్డించేది మాత్రం సింధీ హిందువులు! దేశ విభజన నాడు సింధు విడిచి వచ్చినవారి కుటుంబాలు. మైలాపూరులోని సూఫీదార్ మందిరంవారు కొన్ని దశాబ్దాలుగా అక్కడ శాకాహారం వండి, బండ్లలో తెచ్చి, టోపీలు పెట్టుకొని వరసగా వడ్డిస్తున్నారు. సర్వం పోగొట్టుకొని వచ్చినవారు ఇలా చేయడం చూసి మా వదినకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మేము మొదటి రోజు బిడియపడ్డాము, మూడవ రోజుకు "ఇంకొంచెం పులావు" అని అడిగాము.

పేటలో రోజులు గడిపే పద్ధతి త్వరగానే పట్టుబడింది. జాంబజారులో కూరలు తెల్లవారి చవక. రత్నా కేఫులో ఇడ్లీ అడిగితే సాంబారులో ముంచే ఇస్తారు (రంజాన్ కనుక మేము రాత్రిపూటనే పోయాము). పైక్రాఫ్ట్స్ రోడ్డు అంటే ఇప్పటి భారతి సాలై, అక్కడ ప్రక్కన పాత పుస్తకాల కొట్లు. ఆ పేరుగల కవి సుబ్రహ్మణ్య భారతి ఈ పేటలోనే ఉండేవాడు. 1921లో పార్థసారథి గుడి ఏనుగు తొండంతో పడవేసింది, ఆ ఏడే పోయాడు. గుడి వీథుల్లో నామాలవారు, మసీదు సందుల్లో మనవారు, మధ్య రోడ్డు దాటితే చాలు. అందరూ ఒకే లారీ దగ్గర బిందెలు పట్టుకొనేవారు.

లారీ అంటే నీళ్ళ లారీ. ఆ వేసవి మదరాసుకు నీటి కరువు. ఊరికి నీరిచ్చే నాలుగు చెరువులూ ఇంచుమించు ఎండిపోయాయి. మన కండలేరు నుంచి తెలుగు గంగ కాలువ మీద పూండికి కృష్ణ నీరు పోతుందని తెలిసిన సంగతే. 1983 ఒప్పందం, 1996లో మొదటి నీరు చేరింది. ఆ ఏడు ఆ ఆసరా కూడ లేకపోయింది. బేగం రోజూ బిందె చంకన పెట్టుకొని మా గుమ్మం దగ్గర ఆగి "క్యా బేటా, తుమ్హారే నెల్లూర్ కా పానీ నైఁ ఆయా?" అనేది. మీ ఊరి నీళ్ళింకా రాలేదేమని! కాలువకు మేమే తలుపు వేసినట్లు సిగ్గుపడేవారము. వజూకు ఒక చెంబుతో సరిపెట్టడం అప్పుడు నేర్చుకున్నాము.

మరొక ఋణం మాట. చేపాకంలో సముద్రం దిక్కున ఒక పాత ఎర్ర భవనముంది, పెద్దవారు గోషా ఆసుపత్రి అంటారు. ఇప్పటి కస్తూర్బా గాంధీ ఆసుపత్రి. మగ డాక్టరుకు నాడి చూపించక చచ్చిపోతున్న పరదా స్త్రీల కోసం మేరీ షార్లిబ్ అనే దొరసాని 1885లో దీనిని నుంగంబాకంలో మొదలుపెట్టింది. మదరాసు మెడికల్ కాలేజీలో చదివిన మొదటి ఆడవారిలో ఈమె ఒకరు. 1890లో చేపాకానికి మార్చినప్పుడు భవనానికి లక్ష రూపాయలు ఇచ్చినవారు మన వెంకటగిరి రాజావారు. ముస్లిం స్త్రీలు, పై కులాల స్త్రీలు పరదా కాపాడుకొంటూనే వైద్యం చేయించుకొనడానికి నెల్లూరు సీమ సొమ్ము పోయిందన్నమాట. మా ఇంటివారు ఈ సంగతి విని బేగంగారితో, "నీళ్ళు రాకపోయినా మా లక్ష వచ్చింది గదా నానీ" అన్నారు. బేగం తను పుట్టింది ఆ ఆసుపత్రిలోనేనన్నది.

చివరి వారంలో అన్నయ్య కట్టు విప్పారు. చూపు వచ్చింది, అల్‌హమ్దులిల్లాహ్. వాడు మొదట చూడాలన్నది మౌంటు రోడ్డులోని ఉమ్దా బాగ్. ఇప్పుడక్కడ ఖాయిదె మిల్లత్ పేరిట 1974లో పెట్టిన ఆడపిల్లల ప్రభుత్వ కళాశాల ఉన్నది. పూర్వం అక్కడే ప్రభుత్వ మహమ్మదన్ కళాశాల ఉండేది, మా తండ్రిగారు చదివినది. ఆ రోజుల్లో మన జిల్లాల ముస్లిం కుర్రవారు పలువురు పై చదువుకు అక్కడికే పోయేవారు. కర్నూలుకు చెందిన డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేశారు. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాల పెట్టింది కూడ ఆయనే. మదరాసు పోలేని పిల్లలకు ఆ చదువు ఇంటి ముందుకు తెచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ మగవారిని లోపలికి పంపనన్నాడు, అది న్యాయమే. అన్నయ్య కమ్మీల సందులోంచి చెట్లను చూసి వచ్చాడు.

మా తండ్రిగారి పెట్టెలో అప్పటి గ్రూపు ఫోటో ఒకటి దొరికింది. మూడు వరసల కుర్రవారు, షేర్వానీలు, టోపీలు. వెనుక పేర్లు వ్రాసి ఉన్నవి గాని సగం చెరిగిపోయాయి. వారిలో మన సంఘం కుటుంబాల పెద్దలు తప్పక ఉంటారు. ఫోటో సంఘం కార్యాలయంలో ఉంచాము. వచ్చి చూసి, మీ తాతగారిని గుర్తుపడితే ప్రక్కనున్న నోటుబుక్కులో వరస, స్థానం, పేరు వ్రాయండి. మీ ఇండ్లలో ఆ రోజుల ఉత్తరాలుంటే తెచ్చి చూపండి, నకలు తీసుకొని తిరిగి ఇచ్చేస్తాము.