రోబోకు విసరడం నేర్పిన ఆటలు

అభిరుచి కొద్దీ రోబోలు తయారుచేసేవారు తమ యంత్రానికి బంతినో బిళ్లనో విసిరే సాధనాన్ని, అంటే వారి వాడుకలో లాంచర్ లేదా షూటర్‌ను, అమర్చుకోవడం ఆయుధాల మోజు నుంచి పుట్టిన అలవాటుగా పైకి కనిపిస్తుంది గాని, దాని పూర్వచరిత్రను వెదికితే మూలాలు యుద్ధభూమిలో కంటే ఆటస్థలంలోనే ఎక్కువగా దొరుకుతాయి. 1897లో అమెరికాలోని ప్రిన్‌స్టన్‌లో గణితం బోధిస్తున్న చార్లెస్ హోవర్డ్ హింటన్, బేస్‌బాల్ సాధన కోసం తుపాకిమందు పేలుడుతో బంతిని విసిరే యంత్రాన్ని రూపొందించాడు; నాలుగో పరిమాణం గురించి పుస్తకాలు రాసిన ఈ పండితుడి యంత్రాన్ని చూసి బ్యాట్ పట్టినవారు బెదిరిపోయారంటే ఆశ్చర్యపడనక్కరలేదు. 1920లలో ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు రెనె లకోస్త్ తన సాధన కోసం చేతితో తిప్పే బంతి యంత్రాన్ని చేయించుకోగా, తరువాతి దశాబ్దాలలో బేస్‌బాల్, క్రికెట్ సాధన యంత్రాలలో వేగంగా తిరిగే చక్రాల మధ్యకు బంతిని దూర్చి విసిరే పద్ధతి స్థిరపడింది. నేటి విద్యార్థి రోబోల మీద కనిపించే లాంచర్లలో అధికభాగం ఈ చక్రాల యంత్రాల సంతతే.

రోబోలు ఒకదానినొకటి ధ్వంసం చేసుకునే పోటీలు 1994లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మార్క్ థోర్ప్ ప్రారంభించిన 'రోబోట్ వార్స్'తో ప్రసిద్ధికెక్కాయి. రంపాలను, సమ్మెటలను ధారాళంగా అనుమతించిన ఈ తరహా పోటీలలో, ఆ పేరుతోనే బ్రిటన్‌లో నడిచిన టెలివిజన్ పోటీతో సహా, యంత్రం నుంచి విడిపోయి ఎగిరే వస్తువును మాత్రం నిబంధనలు చాలాకాలం ఒప్పుకోలేదు. ఒకవేళ విసిరినా అది తాడుతో రోబోకు కట్టి ఉండవలసి వచ్చేది. ఎగిరిన వస్తువు ప్రేక్షకుల మధ్య పడితే దానికి ఎవరూ పూచీపడలేరు గనుక ఈ జాగ్రత్త సహేతుకమే. ఫలితంగా యుద్ధమని పేరు పెట్టుకున్న పోటీలలో దారి మూసుకుపోయిన లాంచర్, ఆటలని పేరు పెట్టుకున్న పోటీలలో ఎదిగింది.

ఆ ఎదుగుదలలో 2006వ సంవత్సరానికి ప్రత్యేక స్థానం ఉంది. డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ అనే అమెరికన్ సంస్థ, ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం 1992 నుంచి ఏటా ఒక కొత్త ఆటను రూపొందించి రోబో పోటీ నిర్వహిస్తున్నది. 2006లో ప్రకటించిన 'ఎయిమ్ హై' అనే ఆటలో సుమారు 18 సెంటీమీటర్ల వ్యాసం గల మెత్తని ఫోమ్ బంతులను, రెండున్నర మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్న గుండ్రని రంధ్రంలోకి విసరాలి. అందులో పడిన ప్రతి బంతికి 3 పాయింట్లు. రంధ్రం పైన అమర్చిన ఆకుపచ్చ దీపాన్ని చిన్న కెమెరాతో పోల్చుకుని రోబో తనంతట తానే గురి సరిచూసుకునే వీలు కూడా అప్పుడు కల్పించారు. అంతకంటే గమనించదగినది, బంతి యంత్రాన్ని వీడేటప్పుడు దాని వేగం సెకనుకు 12 మీటర్లు మించరాదన్న నిబంధన. మెత్తని వస్తువు, వేగానికి పరిమితి అనే ఈ రెండు షరతుల వల్ల బలం చూపడానికి పెద్దగా చోటు లేకపోయింది. పోటీ అంతా ఒకే బంతి పదిసార్లు ఒకే చోట పడేలా చేయడం మీదికి మళ్లింది.

ఒకే చోట పడేలా చేయడం వినడానికి చిన్న మాట. ఒక చక్రం, దానికి ఎదురుగా కదలకుండా ఉండే వంపు రేకు, ఆ రెండింటి మధ్య బంతి వ్యాసం కంటే కాస్త ఇరుకైన సందు, ఇదీ ఈ లాంచర్ నిర్మాణం. సందులోకి దూరిన బంతి నొక్కుకుపోయి, రేకు మీద దొర్లుతూ ముందుకు పోతుంది గనుక, జారకుండా దొర్లినప్పుడు దాని వేగం చక్రపు అంచు వేగంలో సగమే ఉంటుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే అంచు వేగం సెకనుకు సుమారు 21 మీటర్లు, బంతి వేగం అందులో సగం. రేకుకు బదులు ఎదురు దిశలో తిరిగే మరో చక్రాన్ని పెడితే బంతి దాదాపు అంచు వేగాన్నే అందుకుంటుంది గాని, దొర్లడం వల్ల వచ్చే వెనకతిప్పు పోతుంది. ప్రతి బంతీ చక్రం నుంచి కొంత శక్తిని లాక్కుంటుంది. చక్రం మళ్లీ పుంజుకోకముందే రెండో బంతిని తోస్తే అది గమ్యానికి ఇవతలే పడుతుంది. అందుకే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీల్‌ను వాడటం, చుట్ల సంఖ్యను సెన్సర్‌తో కొలిచి మోటారుకు అందే విద్యుత్తును క్షణక్షణం సవరించడం అలవాటయ్యాయి. ఇంత చేసినా అరిగిపోయిన ఫోమ్ బంతి కొత్త బంతిలా నొక్కుకోదు. సాధనలో గురి తప్పని యంత్రం పోటీరోజున తప్పడానికి ఇదొక కారణం.

విసిరే వస్తువు మారితే యంత్రమూ మారక తప్పదు. 2013లో ఫస్ట్ సంస్థ బంతులకు బదులు ఫ్రిస్బీ పళ్లేలను ఇవ్వగా, వాటిని అడ్డంగా తిరిగే చక్రంతో విసరవలసి వచ్చింది. గాలిలో పళ్లెం స్థిరంగా ఉండటానికి తిప్పు తప్పనిసరి. ఆసియా-పసిఫిక్ ప్రసార సంస్థల సమాఖ్య 2002 నుంచి కళాశాలల విద్యార్థుల కోసం నడుపుతున్న రోబోకాన్ పోటీలో ఈ వైవిధ్యం మరింత స్పష్టం, ఎందుకంటే ఆతిథ్య దేశాలు తరచూ తమ సంప్రదాయ క్రీడనే పోటీగా మలుస్తాయి. 2018లో వియత్నాంలో జరిగిన పోటీకి తోక ఉన్న గుడ్డబంతిని ఎత్తైన వలయంలోంచి విసిరే 'నెం కాన్' అనే పండుగ ఆటను తీసుకున్నారు. తోక ఉన్న బంతి చక్రాల మధ్య ఇమడదు; దాన్ని చేయిలా ఊగే కడ్డీతో తిప్పి సరైన క్షణంలో వదలాలి. 60 సెంటీమీటర్ల కడ్డీ చివర వేగం సెకనుకు 10 మీటర్లు ఉన్నప్పుడు, వదలడంలో సెకనులో వందోవంతు ఆలస్యమైతే దిశ 9 డిగ్రీలకు పైగా తప్పుతుంది.

2015లో చైనాలోని షెన్‌జెన్‌లో డ్రోన్ల సంస్థ డీజేఐ మొదలుపెట్టిన రోబోమాస్టర్ పోటీ మాత్రం తుపాకి పోలికను దాచుకోలేదు. అందులో రోబోలు 17, 42 మిల్లీమీటర్ల గుళ్లను పరస్పరం పేల్చుకుంటాయి, తగిలిన దెబ్బను కవచ పలకలలోని సెన్సర్లు లెక్కిస్తాయి. అదే సంస్థ 2019లో గృహ వినియోగానికి అమ్మకానికి తెచ్చిన ఎస్1 రోబోలో గట్టి గుళ్ల స్థానంలో నీటిలో నానబెట్టి ఉబ్బించిన జెల్ గుళికలు వచ్చాయి. ఇంట్లో వాడే యంత్రం కాబట్టి 2006 నాటి మెత్తదనపు సూత్రానికి తయారీదారులు మళ్లీ తలవంచక తప్పలేదు.

2022 ఆగస్టులో దూరదర్శన్ ఆతిథ్యంలో న్యూఢిల్లీలో జరిగిన రోబోకాన్‌కు లగోరీ అనే ఆటను ఎంచుకున్నారు. తెలుగువారి ఏడు పెంకులాట ఇదే. పోటీలో ఏడు కుండపెంకులకు బదులు ఒకదానికంటే ఒకటి చిన్నదిగా ఐదు బిళ్లలను దొంతిగా పేర్చారు. ఒక జట్టు రోబో బంతితో దొంతిని కూల్చిన తరువాత ఆ జట్టు దాన్ని తిరిగి పేర్చాలి, పేర్చేలోగా ఎదుటి జట్టు రోబో బంతులు విసిరి వారి రోబో నెత్తిన నిలిపిన బంతిని పడగొట్టాలి. పల్లెలో పిల్లవాడు పరుగెత్తేవాడి వీపు మీద బంతి కొట్టడంతో సమానమైన ఈ రెండో పని యంత్రానికి కొత్త కష్టం తెచ్చిపెట్టింది. కదలని దొంతి మీదికి విసిరేటప్పుడు దూరానికి తగిన చక్రపు చుట్లను ముందే పరీక్షించి పట్టికగా రాసుకుంటే చాలు. పక్కకు తప్పుకుంటున్న రోబో నెత్తిన ఉన్న బంతిని కొట్టాలంటే, విసిరిన బంతి ప్రయాణించే అర సెకనులో అది ఎక్కడికి చేరుతుందో అంచనా వేసి, ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ చోటికే గురిపెట్టాలి.