ఈయోలా సరస్సు నడుమ ఫౌంటెను

తటాకమును, వనమును మన పెద్దలు సప్తసంతానములలో చేర్చిరి. నేను కాపురముండు ఫ్లారిడా రాష్ట్రపు ఆర్లాండో నగరమున ఆ రెండింటిని ఒక్కచోటనే జనులకు వదలిపోయిన పశువుల ఆసామి యొకడు కలడు. అతడు జేకబ్ సమ్మర్లిన్. మందలకు మందలను ఓడలపై క్యూబాకు పంపి స్పెయిన్ దేశపు బంగారు నాణెములు గడించిన యీతడు, 1883లో ఈయోలా సరస్సును ఆనుకొనిన తన భూమిని నగరమునకు దానమిచ్చుచు, దానిని ఉద్యానముగా తీర్చి పోషింపవలయుననియు, లేనియెడల తన వారసులకు తిరిగి చెందవలయుననియు కట్టడిచేసెను. 1971లో డిస్నీవారి వినోదపురి వెలసిన పిమ్మటనే ఈ ఊరు పుట్టినదని తలచి వచ్చు మన బంధువులను నేను మొట్టమొదట తీసికొనిపోవునది ఈ గట్టుమీదికే.

ఈ సరస్సును ఎవరును త్రవ్వలేదు. అడుగుననున్న సున్నపురాయి నీటికి కరిగి, పైనేల క్రుంగగా ఏర్పడిన మడుగిది. ఇందులో 1957లో నిలిపిన ఫౌంటెను బోర్లించిన పళ్లెమువలె గుబ్బదేరి, లేతాకుపచ్చగా, లోపల దీపము వెలిగినంతనే పారదర్శకమై కనుపించును. తొలుత శతవార్షికోత్సవపు పేరు మోసినను, తరువాత లింటన్ అలెన్ అను బ్యాంకరు స్మారకమైనది.

అమెరికాలో పిడుగులు మిక్కుటముగా పడు సీమ ఫ్లారిడా. 2009 ఆగస్టులో ఒక పిడుగు తిన్నగా ఫౌంటెనుపైననే పడి, దానిని మూగవోవజేసెను. ఇంచుమించు రెండేండ్లు సరస్సు నడుమ ఆ గుబ్బ చీకటిగా, పొడిగా నిలిచియుండగా చూచుట, నిత్యనైవేద్యము నిలిచిపోయిన గుడిముందు నడచినట్లుండెడిది. కూలద్రోసి క్రొత్తదానిని కట్టుట సులభమే. కాని నగరమువారు పాతరూపమును చెరుపక, లోపలి దీపములను, యంత్రములను మాత్రము క్రొత్తవి కూర్చి, 2011 జూలైలో నీటిని మరల పైకి చిమ్మించిరి. దాత నోట పలికిన ‘పోషింపవలయును’ అను మాటకు సరియైన అర్థము నాకు ఆనాడే తెలిసినది.

ఇప్పుడు సాయంసమయమున సంగీతమునకు అనుగుణముగా రంగులు మారును. హంసాకారపు పడవలు రేవున చేరి నిలుచును. ఒకనాడు గాలి ఇటు తిరిగినప్పుడు తుంపర గట్టుదాక వచ్చి మా అమ్మ కొంగును తడిపినది. ఆమె తుడుచుకొనక, అట్లే నిలిచి చూచినది.