డిజిటల్ నమూనా ఆధారిత కాంక్రీట్ సర్వే

కట్టడపు త్రిమితీయ కంప్యూటర్ నమూనాలోని బిందువులను కోణాలు, దూరాలు కొలిచే రోబోటిక్ టోటల్ స్టేషన్‌తో నిర్మాణ స్థలంలో గుర్తించే పద్ధతి. నమూనా భావనకు మూలం 1970ల్లో చార్లెస్ ఈస్ట్‌మన్ చేసిన పరిశోధన. తొలి రోబోటిక్ పరికరాన్ని 1990లో స్వీడన్ సంస్థ జియోట్రానిక్స్ తెచ్చింది.

మోటారుతో తిరిగే పరికరం మనిషి చేతిలోని, కాంతిని తిప్పి పంపే ప్రిజంను వెంబడిస్తుంది కనుక గుర్తులు పెట్టడానికి ఒక్కరు చాలు. 1 సెకను కోణ దోషం 100 మీటర్ల దూరంలో గుర్తును సుమారు 0.5 మిల్లీమీటరు పక్కకు జరుపుతుంది. అసలు ప్రయోజనం కాంక్రీట్ పోయకముందే: పోశాక అందులో ఇమిడిపోయిన యాంకర్ బోల్టులను సరిచేయడం కష్టం.

ఇలాంటి కచ్చితత్వం ఎక్కడ అవసరమో చెప్పడానికి రాకెట్ ప్రయోగ వేదికలు ఒక ఉదాహరణ. సూళ్లూరుపేట సమీపంలోని శ్రీహరికోటలో, 2005లో వినియోగంలోకి వచ్చిన రెండో ప్రయోగ వేదికకు రాకెట్ పట్టాల మీద వస్తుంది. పట్టాలూ వేదికా ఒకే వరుసలో కుదరాలి. అక్కడి మూడో వేదికకు 2025 జనవరి 16న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాని నిర్మాణ గడువు 48 నెలలు. ఇలాంటి తీరప్రాంతాల్లో దూరపు కొలతలకు ఉష్ణోగ్రత, పీడన సవరణలు తప్పవు.