చండీగఢ్ కుర్చీ: కర్తృత్వం, విలువ, వారసత్వం

వ్యాససంగ్రహం: రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాల ఆధునిక ఫర్నిచర్ చరిత్రను సాధారణంగా రూపకర్తల పేర్ల వరుసగా రాస్తారు. 1950 దశకంలో చండీగఢ్ నగరం కోసం తయారైన కుర్చీలు, బల్లలు ఈ పద్ధతిలో ఇమడవు. సమష్టి శ్రమ ఫలితమైన ఆ వస్తువులు ఒకే పేరు కిందకు ఎలా చేరాయో, వాటికి చట్టరక్షణ ఎందుకు కొరవడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: చండీగఢ్, ఆధునిక ఫర్నిచర్, కర్తృత్వం, వేలం, వారసత్వం.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో ఛార్లెస్, రే ఈమ్స్ దంపతులు, డెన్మార్క్‌లో కుర్చీలకు హన్స్ వెగ్నర్, దీపాలకు పౌల్ హెనింగ్సెన్ ఆ కాలపు గృహాలంకరణలో ప్రసిద్ధులు. వారి వస్తువులు కంపెనీల ద్వారా విపణిలోకి వచ్చాయి. వస్తువుతోపాటు రూపకర్త పేరు కూడా ప్రచారం పొందింది. చండీగఢ్ ఫర్నిచర్ పుట్టుక ఇందుకు భిన్నం. అది దుకాణంలో అమ్మడానికి తయారైనది కాదు. ఒక ప్రభుత్వం తన కార్యాలయాలకు, విద్యాసంస్థలకు, ఉద్యోగుల నివాసాలకు సమకూర్చుకున్న సామగ్రి అది.

2. నగర నిర్మాణం, ఫర్నిచర్ అవసరం

1947 దేశవిభజనతో లాహోర్ పాకిస్తాన్‌కు చెందింది. తూర్పు పంజాబుకు కొత్త రాజధాని అవసరమైంది. లె కార్బూజియే, ఆయన దాయాది సోదరుడు పియెర్ జాన్నరే, బ్రిటన్‌కు చెందిన మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ దంపతులు 1951లో ఆ పనిలో ప్రవేశించారు. కార్బూజియే ఏటా కొద్ది వారాలు వచ్చి వెళ్లేవారు. జాన్నరే మాత్రం 1965 వరకు అక్కడే నివసించారు.

ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు ఉద్యోగుల హోదాను బట్టి ప్రభుత్వ గృహాలను 13 తరగతులుగా విభజించి నిర్మించారు. సచివాలయం, హైకోర్టు, విశ్వవిద్యాలయం, శాసనసభ్యుల వసతిగృహాలు వాటికి తోడయ్యాయి. వీటన్నిటికీ తక్కువ ఖర్చుతో, స్థానికంగా, పెద్ద సంఖ్యలో ఫర్నిచర్ కావలసివచ్చింది.

3. కలప, రూపం, పనితనం

కార్బూజియే, జాన్నరే, షార్లెట్ పెరియాన్ కలిసి 1929లో పారిస్‌లో ఉక్కు గొట్టాలతో, తోలుతో చేసిన ఫర్నిచర్‌ను ప్రదర్శించారు. ఆనాటి ఆధునికతకు యంత్రమే ఆదర్శం. అదే జాన్నరే చండీగఢ్‌లో టేకు, శీషం కలపలను, పేము అల్లికను చేపట్టారు. ఈ మార్పును కేవలం అభిరుచిగా భావించలేము. ఇక్కడ ఉక్కు కరువు, చేతిపని సమృద్ధి. టేకు చెదపురుగులను తట్టుకుంటుంది. పేము అల్లిక గుండా గాలి ఆడుతుంది. తెగితే ఊరిలోనే మళ్లీ అల్లించుకోవచ్చు.

ఈ కుర్చీలలో ప్రసిద్ధమైన రూపాన్ని కాళ్లను బట్టి గుర్తిస్తారు. విప్పిన వృత్తలేఖినిలా ముందుకాలు, వెనుకకాలు పైన కలిసి కింద విడిపోతాయి. ఈ త్రిభుజాకారం కుర్చీ ముందువెనుకలకు ఊగిపోకుండా నిలుపుతుంది. కలప మందం ఎక్కువ, చెక్కడపు పని తక్కువ. కాబట్టి ఏ వడ్రంగి అయినా చేయగలడు. ఒకే నమూనా పలు కార్ఖానాలలో తయారైనందున కొలతల్లో, అతుకుల్లో, వంపుల్లో తేడాలు కనిపిస్తాయి. ఆ తేడాలే ఈ వస్తువులపై మిగిలిన పనివారి చేతిగుర్తులు.

4. కర్త ఎవరు?

ఈ ఫర్నిచర్‌పై రూపకర్త సంతకం ఉండదు. ఏ శాఖ సొత్తో తెలిపే అక్షరాలు మాత్రం రంగుతో అచ్చువేసి ఉంటాయి. జాన్నరే పాత్ర ప్రధానమైనదే, అయితే ఆయన ఒంటరిగా పనిచేయలేదు. సిడ్నీలో వాస్తుశాస్త్రం చదివిన ఊర్మిళా యూలీ చౌధరి (1923–1995) ఫర్నిచర్ రూపకల్పనలో ఆయనతో కలిసి పనిచేశారు. జీత్ మల్హోత్రా, ఆదిత్య ప్రకాశ్ వంటి యువ వాస్తుశిల్పులూ ఆ కార్యాలయంలో ఉన్నారు. కలప కోసిన వడ్రంగులు, పేము అల్లినవారు ఏ వేలం జాబితాలోనూ కనిపించరు. విపణికి ఒక పేరు కావాలి. అందులో జాన్నరే పేరు నిలిచింది.

5. కండెమ్ సామాను నుంచి కళావస్తువు దాకా

వాడుకలో విరిగిన కుర్చీలను కార్యాలయాలు ‘కండెమ్’ చేసి, స్టాకు రిజిస్టరు నుంచి తొలగించి, మేడలపైనా పెరళ్లలోనూ పోగువేశాయి. 1990 దశకం చివరి నుంచి విదేశీ వర్తకులు, ముఖ్యంగా ఫ్రెంచివారు, ప్రభుత్వ వేలంపాటల్లోనే వీటిని చట్టబద్ధంగా కొన్నారు. మరమ్మతు, మెరుగు పూర్తయ్యాక ఇవి పాశ్చాత్య నగరాల వేలంశాలల్లో లక్షల రూపాయలకు అమ్ముడయ్యాయి. అమీ సీగెల్ 2013లో తీసిన ‘ప్రావెనెన్స్’ చిత్రం ఈ ప్రయాణాన్ని వెనుకనుంచి ముందుకు చూపుతుంది: సంపన్నుల గృహాలలో మొదలై చండీగఢ్ కార్యాలయాలలో ముగుస్తుంది.

6. చట్టం ముందు కుర్చీ

2011లో కేంద్ర హోంశాఖ ఈ వస్తువుల అమ్మకాన్ని నిలుపుతూ ఆదేశాలిచ్చింది. చండీగఢ్ వారసత్వ ఫర్నిచర్ జాబితాలో 12,793 వస్తువులు నమోదయ్యాయి. అయినా సమస్య తీరలేదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం ఇటువంటి వస్తువు పురావస్తువు కావాలంటే కనీసం నూరేళ్లు నిండాలి. అంత వయస్సు లేనివాటిని ‘కళానిధి’గా ప్రకటించే వీలుంది, కాని ఆ నిర్వచనంలో కళాకృతి ఉంది, దాని కర్త ఉన్నాడు. రవివర్మ, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్ వంటి చిత్రకారుల కృతులకు ఆ హోదా దక్కింది. ఒక కార్యాలయమూ పలు కార్ఖానాలూ కలిసి చేసిన కుర్చీకి ఆ చట్రంలో చోటు దొరకడం కష్టం. 2016లో కాపిటల్ సముదాయం యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అయితే ఆ జాబితా స్థిరమైన కట్టడాలకే పరిమితం. ఆ గదుల్లోని కుర్చీ కదిలే వస్తువు.

7. ముగింపు

1. చండీగఢ్ ఫర్నిచర్‌ను యూరోపియన్ ఆధునికతకు అనుకరణగా కాక, స్థానిక ముడిసరుకు, చేతిపని ఆ ఆధునికతను మార్చిన తీరుగా అర్థం చేసుకోవాలి.

2. ఏకకర్తృత్వం వీటి విపణి విలువను పెంచింది. వీటి చరిత్రను కుదించింది.

3. చట్టం వస్తువు వయస్సునో, కళాకారుని పేరునో ఆధారం చేసుకుంటుంది. సమష్టి కృషికి, వాడుకకు విలువ కట్టే మూడవ ప్రమాణం అవసరం.

4. అందుకు తగిన ఆధారాలు టెండర్లలో, స్టాకు రిజిస్టర్లలో, మరమ్మతు బిల్లుల్లో లభించవచ్చు. కుర్చీలకంటే ముందు ఆ కాగితాలు కండెమ్ కాకుండా కాపాడుకోవడం పరిశోధకుల తక్షణ కర్తవ్యం.