నదీముఖాలు రాసిచ్చిన రాజు

1758 సెప్టెంబరులో విశాఖపట్నం నుంచి ఒక ఉత్తరం బయలుదేరింది. పంపినవాడు విజయనగర ప్రభువు పూసపాటి ఆనంద గజపతిరాజు. ఫ్రెంచివారి చేతిలో ఉన్న విశాఖను పట్టుకున్నాడు, అక్కడి ఫ్రెంచి అధికారిని నిర్బంధించాడు, కోటమీద ఇంగ్లీషువారి జెండా ఎగరేశాడు. ఇక వచ్చి ఈ తీరపు ఉత్తర సర్కారులు గెలుచుకోండి, నేను తోడుంటాను అన్నది ఆ ఉత్తరాల సారం. మొదట మద్రాసుకు రాశాడు. ఫ్రెంచి సేనాధిపతి లాలీ దండెత్తి వస్తాడన్న భయంతో మద్రాసు వణికిపోతున్న రోజులవి. అక్కడ ఆలకించే నాథుడు లేక కలకత్తాకు రాశాడు.

ఆ పిలుపు ఎక్కడికి చేరిందో మనకు తెలుసు. ముప్పయ్యారేళ్ళకు, పద్మనాభం కొండ దగ్గర, అదే ఇంటి వారసుడి గుండెలోకి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ తుపాకీ గుండుగా తిరిగివచ్చింది. తెలిసీ చదవాలి ఈ కథని. మధ్యలో ఎక్కడో ఒకచోట రాజు చెయ్యి ఆగి ఉంటే బాగుండునని ప్రతి మలుపులోనూ అనిపిస్తుంది. ఎక్కడా ఆగదు.

ఇది విజయనగరం వాళ్ళ గొడవ కదా, కోనసీమకు ఏమిటి అనుకోవచ్చు. నదుల మొగల దగ్గర పుట్టి పెరిగినవాళ్ళం మనం. వసిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలుస్తుంది. వైనతేయ మొగ దగ్గర బెండమూర్లంక ఉంది. అల్లవరం దారిలో కొబ్బరితోటల మధ్య ఇప్పుడు నిమ్మళంగా కనిపించే ఆ ఊళ్ళో అప్పట్లో ఇంగ్లీషువారి వర్తకశాల ఉండేది. గౌతమి వైపు ఇంజరం, వసిష్ఠ ఆవలిగట్టున నరసాపురం పక్కనే మాధవాయపాలెం కూడా వారి కొట్లే. నేతబట్ట ఇక్కణ్ణుంచే ఓడలెక్కేది. ఏ ఏరు ఏ ఓడను ఎంత లోపలికి రానిస్తుందో దొరలు మనకంటే శ్రద్ధగా లెక్క రాసుకున్నారు.

ఆ ఉత్తరానికి ముందటి ఏడు, 1757 జనవరిలో, విజయనగరం దాడిలో బొబ్బిలి కోట బూడిదైంది. ఆ గెలుపును మూడురోజులైనా అనుభవించకుండానే విజయనగర ప్రభువు పెద విజయరామరాజు తన గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆ నెత్తుటి గద్దెమీదికే ఆనందరాజు వచ్చాడు. ఆ ఏడే ఫ్రెంచి సేనాని బుస్సీ బెండమూర్లంక, ఇంజరం, మాధవాయపాలెం కొట్లనూ విశాఖనూ ఇంగ్లీషువారి నుంచి లాక్కున్నాడు. అతను పెట్టిన షరతులు ఆనందరాజుకు మింగుడుపడలేదు. మరుసటి ఏడు లాలీ నుంచి బుస్సీకి ఉత్తరం వచ్చింది: ఉన్నపళంగా బయలుదేరి దక్షిణానికి రమ్మని. బుస్సీ వెళ్ళాడు. అతని స్థానంలోకి కాన్‌ఫ్లాన్స్ వచ్చాడు. ఈ నేల మెళకువలు తెలిసినవాడు పోయి తెలియనివాడు వచ్చాడని ఆనందరాజు గ్రహించాడు. అందులో పొరపాటు లేదు. ఒకణ్ణి పంపించడానికి మరొకణ్ణి పిలవడంలోనే ఉంది పొరపాటంతా.

కలకత్తాలో కంపెనీ గవర్నరు క్లైవు తన కౌన్సిల్ వద్దన్నా వినకుండా కల్నల్ ఫోర్డ్‌ను పంపాడు. ఐదువందల మంది ఐరోపా సైనికులు, రెండువేల మంది సిపాయిలు. అక్టోబరు 20న ఓడలు విశాఖ చేరాయి. నవంబరులో కశింకోట దగ్గర రాజూ సేనానీ కలిశారు. ఒడంబడిక కుదిరింది.

ఆ ఒడంబడిక దగ్గర కాస్త ఆగాలి. సేన ఖర్చుకు రాజు నెలకు 50,000 రూపాయలు, అధికారులకు మరో 6,000 ఇవ్వాలి. రాజమహేంద్రవరం చేతికి వచ్చాక చెల్లించాలి. గెలిచిన లోపలి దేశమంతా రాజుది. విశాఖ నుంచి మచిలీపట్నం దాకా గెలిచిన రేవులు, నదీముఖాల దగ్గరి పట్టణాలు, వాటిని అంటిపెట్టుకున్న భూములు కంపెనీవి.

రాజు ఏం చూసి ఒప్పుకున్నాడో ఊహించడం కష్టం కాదు. మాగాణం అతనికి కనబడింది. శిస్తు కనబడింది. తాతతండ్రుల నాటి నుంచి రాజ్యమంటే భూమి, భూమి అంటే పంట. రేవులో ఏముంది? ఇసుక, ఉప్పుగాలి, నాలుగు పడవలు. ఇంటిని తాను ఉంచుకుని గుమ్మాన్ని మరొకరికి రాసిచ్చాడు. రాజోలులో పండినా కొత్తపేటలో పండినా చివరికి ఆ గుమ్మంలోంచే బయటికి వెళ్ళాలని అతనికి చెప్పే మంత్రి ఒక్కడూ లేకపోయాడా? ఆ షరతు చదివినప్పుడల్లా నాకు రాజుమీద కోపం రాదు. జాలి వేస్తుంది.

డిసెంబరులో పిఠాపురానికి ఎగువన, గొల్లప్రోలు దాపున చందుర్తి దగ్గర యుద్ధం జరిగింది. ఇంగ్లీషు చరిత్రలు దాన్ని కాండోర్ యుద్ధం అంటాయి. పొలాల్లో జొన్న ఎత్తుగా ఎదిగి ఉంది. ఫోర్డ్ తెల్లసైనికులు ఆ చేను చాటున నిలిచారు. ఎర్రకోట్లు తొడిగిన బెంగాలు సిపాయిలను చూసి వాళ్ళే తెల్లవాళ్ళనుకుని ఫ్రెంచిదళం వారిమీదికి దూకింది. అది వరస చెదిరి ముందుకు ఉరికినప్పుడు చేను చాటునుంచి అసలు దళం బయటపడింది. కాసేపట్లో అంతా తారుమారైంది. పారిపోతున్న శత్రువును తరమడానికి గుర్రాలు కావాలి. గుర్రాలు రాజు దగ్గరున్నాయి. ఫోర్డ్ కబురు మీద కబురు పంపాడు. రాజు సేన నీరెండిన చెరువు గుంటలో ఒదిగి కూర్చుంది. ఎన్ని కబుర్లు వచ్చినా గట్టెక్కలేదు.

ఆ చెరువు గుంట ఎవరి చరిత్రలోనూ గొప్ప స్థలం కాదు. అయినా నా మనసు అక్కడే తచ్చాడుతుంది. ఆ మధ్యాహ్నం రాజు స్వయంగా గుర్రమెక్కి గట్టు దాటి ఉంటే, గెలుపులో తనకూ వాటా ఉందని చూపించి ఉంటే, తర్వాతి ఉత్తరాల్లో ఆ తెల్ల సేనాని గొంతు అలా ఉండేదా? ఆ రోజునుంచీ ఫోర్డ్ లెక్కలో రాజు మిత్రుడు కాదు, బాకీదారు.

రాజమహేంద్రవరం చేతికి వచ్చింది. గోదావరి ఒడ్డున సేనాని డబ్బు అడిగాడు, రాజు దాటవేశాడు. ఫోర్డ్ నది దాటి మచిలీపట్నం దారి పట్టాడు, రాజు వెనక వస్తాడని. రాలేదు. సేనాని మళ్ళీ ఏరు దాటి వెనక్కి వస్తే, తనను దండించడానికే వస్తున్నాడనుకుని రాజు కొండల్లోకి పరుగెత్తాడు. తను పిలిచిన సేనను చూసి తానే పారిపోయిన ప్రభువు! ఆండ్రూస్ అనే కంపెనీ దొర వెళ్ళి బుజ్జగించి తెచ్చాడు. షరతులు సడలించారు, ఇచ్చిన సొమ్మును అప్పుగా రాసుకుంటామన్నారు. ఈ కొసరులాటలో దాదాపు యాభై రోజులు గడిచిపోయాయి. పొత్తు విడిపోవడానికి ఇంతకంటే మంచి అదను మళ్ళీ రాలేదు. ఆ యాభై రోజుల్లో ఎవరికి వారు తెగతెంపులు చేసుకుని పోయి ఉంటే! కాని ఫోర్డ్‌కు మచిలీపట్నం కావాలి, రాజుకు ఫోర్డ్ లేకుండా ఇల్లు చేరే ధైర్యం లేదు.

1759 మార్చిలో మచిలీపట్నాన్ని ముట్టడించారు. లోపలినుంచి కాన్‌ఫ్లాన్స్ నిజాం సలాబత్ జంగ్‌ను సాయం అర్థించాడు. నిజాం పెద్ద దండుతో బెజవాడ దాకా వచ్చాడు. వచ్చి ఆనందరాజుకు ఆజ్ఞాపత్రం పంపాడు: నువ్వు నా సామంతుడివి, ఇంగ్లీషువారిని విడిచి రా అని. కంపెనీ శిబిరంలో అప్పటికే జీతాల కోసం, కొల్లసొమ్ము కోసం సైనికులు తిరగబడి ఉన్నారు. వెనక రాజమహేంద్రవరం మళ్ళీ ఫ్రెంచివారి చేతికి పోయింది. ఆ రాత్రి రాజు ఎవరికీ చెప్పకుండా డేరాలు పీకించాడు. చీకట్లో పదహారు మైళ్ళు ఇంటిదారి పట్టాడు.

ఆ పదహారు మైళ్ళ దగ్గర గుండె ఆగినంత పని అవుతుంది. నిజాం రాయించిన ఆ పత్రం ఒక్కటే, ఇన్ని ఉత్తరాల్లో, కంపెనీ నీడలోంచి రాజును బయటికి లాగబోయింది. కాని ఫోర్డ్ మనుషులు వచ్చి పడ్డారు. ఒకవైపు నిజాం గుర్రాలు, మరోవైపు ఫ్రెంచిదళం, ఒంటరిగా పోతే దారిలోనే తుడిచిపెడతారన్నారు. ఆ మాటలో అబద్ధమూ లేదు. రాజు వెనక్కి తిరిగాడు.

ఏప్రిల్ 7 రాత్రి. ఫోర్డ్ దగ్గర మందుగుండు రెండు రోజులకు మించి లేదు. సముద్రం పోటు తీసిన వేళ, బురదలో మోకాళ్ళ లోతున దిగబడుతూ అతని సైనికులు కోట ఎక్కారు. రాజు సేనకు ఆ రాత్రి అప్పగించిన పని కోట గుమ్మంవైపు గోల చేసి శత్రువు దృష్టి మళ్ళించడం. ఈసారి చెప్పినట్టే చేసింది. గౌరవంగా లొంగే షరతులు అడుగుతూ కాన్‌ఫ్లాన్స్ కబురంపితే, షరతులు లేవని ఫోర్డ్ జవాబిచ్చాడు. తెల్లవారేసరికి కోట పడింది. సరిగ్గా వారానికి, ఫ్రెంచి సాయపు ఓడలు రేవు ముందు కనిపించాయి.

మే 14న ఒప్పందం రాసుకున్నారు. ఫోర్డ్‌కూ నిజాంకూ మధ్య. మచిలీపట్నం, నిజాంపట్నం, చుట్టుపట్ల పరగణాలు కంపెనీకి దక్కాయి. ఆనందరాజుకు? ఆ ఏడాది సర్కారుల్లో వసూలు చేసుకున్నదానికి లెక్క అడగరు. ఇకముందు మాత్రం తాతతండ్రులు కట్టిన కప్పమే నిజాంకు కట్టుకోవాలి. లోపలి దేశమంతా తనదన్న కశింకోట మాట ఊసే లేదు. ఉత్తరం రాసి అందరినీ పిలిచినవాడు పంపకాల వేళకు పేరుగా మిగిలాడు.

1760లో అతను మళ్ళీ దక్షిణానికి ప్రయాణం కట్టాడు. రాజమహేంద్రవరం చేరేసరికి మశూచి సోకింది. తనదని రాయించుకున్న ఊళ్ళో, తనది కాకుండా పోయిన ఊళ్ళో, అతని ప్రాణం పోయింది. ఇతర పాత్రలకూ సుఖాంతాలు లేవు. సలాబత్ జంగ్‌ను తమ్ముడు నిజాం అలీయే బీదరు కోటలో పెట్టించాడు, 1763లో అక్కడే చచ్చిపోయాడు. లాలీ తల 1766లో పారిస్‌లో తెగింది. ఫోర్డ్ ఎక్కిన ఓడ 1769 చివర్లో ఆఫ్రికా దక్షిణపు కొన దాటాక మరి కనిపించలేదు. 1766 నవంబరులో నిజాం అలీ ఉత్తర సర్కారులను కంపెనీకి రాసిచ్చాడు. మన లంకలూ, మన మొగలూ, మన చేలూ ఆ రాతలోనే పోయాయి.

విజయనగరం గద్దెమీద పన్నెండేళ్ళ విజయరామరాజును కూర్చోబెట్టారు. సవతి అన్న సీతారామరాజు పెత్తనం చేశాడు. ఏళ్ళు గడిచాయి. కంపెనీ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. వాటిలో ఒకప్పటి బతిమాలుడు లేదు, పేష్కష్ (కప్పం) బకాయిల లెక్కలున్నాయి. ఎనిమిదిన్నర లక్షలు కట్టమన్నారు. కట్టలేకపోతే జమీ జప్తు. రాజు మాత్రం నెలకు 1,200 రూపాయల భత్యం తీసుకుని మచిలీపట్నం వెళ్ళి ఉండాలి. ఆనందరాజు సేన గోల చేసి గెలిపించిన ఆ మచిలీపట్నానికే.

ఆయన బయలుదేరాడు గాని మచిలీపట్నం దాకా పోలేదు. విజయనగరానికీ భీమునిపట్నానికీ నడుమ పద్మనాభంలో మకాం వేశాడు. తనను నమ్మిన రాచవారందరూ చుట్టూ చేరారు. 1794 జూలై 10 తెల్లవారుజామున కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సిపాయిలు వచ్చి పడ్డారు. ముప్పావు గంటలో ముగిసింది. కంపెనీ వైపు పోయినవారు పదముగ్గురు. ఇటు రాజుతో పాటు, ఆయన చుట్టూ నిలిచిన రాచకుటుంబాల పెద్దలు కుప్పలుగా పడ్డారు. ఆ ప్రాంతంలో ఆ ఉదయం ఒక ముత్తాతను పోగొట్టుకోని క్షత్రియుల ఇల్లు అరుదు.

కొడుకు నారాయణబాబు ఇంకా చిన్నవాడు. అతన్ని మన్యం కొండల్లోకి తీసుకుపోయారు. పల్లెల్లో రైతులు కంపెనీకి శిస్తు కట్టడం మానేశారు. అప్పుడు కంపెనీ మరో కాగితం రాసింది, ఆ పిల్లవాడి పేర, కొండ దిగి రమ్మని కౌలు అనే అభయపత్రం ఇస్తూ. అతను దిగివచ్చాడు. కొండ జమీందారుల ఊళ్ళు విడదీసి, మిగిలిన పరగణాలు అతనికిచ్చి, ఏటా కట్టవలసిన పేష్కష్ ఆరు లక్షలని నిర్ణయించారు.