అమ్మోళ్ళ చేతులు, ఆముదం, గ్లిజరిన్: క్రీము డబ్బా వెనకున్న చరిత్ర

పోస్టు పెద్దదే. రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

పోయిన నెల మన గ్రూపులో ఒక గొడవ నడిచింది, గుర్తుందా? చేతులు పగిలితే ఆముదం చాలు, క్రీములన్నీ కంపెనీల మోసం అని కొందరు అన్నలు. ఇంకా ఆముదమేనా, ఎప్పటికీ వెనకబడే ఉంటామా అని కొందరు అక్కలు. పెదకాకాని హాస్టల్లో ఉండే మేము ఆ రోజు ఒక్క ముక్క కూడా రాయలేదు. మాకూ తెలియదు మరి. కానీ మాకది ఊరికే వాదించుకునే విషయం కాదు. మా రూములో నలుగురం. ఇద్దరం సుగాలీలం, ఒకరు యానాది, ఒకరు ఎరుకల. నలుగురి అమ్మలూ ఈ సీజనంతా మిరప చేలల్లోనో, కోల్డ్ స్టోరేజీల దగ్గర ముచ్చికలు తీసే పనిలోనో ఉన్నారు. జనవరిలో ఇద్దరి అమ్మలకి రేషన్ డిపోలో వేలిముద్ర పడలేదు. బొటనవేలు పెట్టి, తీసి, కొంగుకి తుడుచుకుని, మళ్ళీ పెట్టి, చూపుడువేలు పెట్టి, ఆఖరికి రేపు రమ్మంటే తిరిగొచ్చారు. రేపు రావడమంటే ఒక రోజు కూలి పోవడమే.

అందుకని నలుగురం డబ్బులేసుకుని ఒక చేతుల క్రీము కొన్నాం. డబ్బా మీద బాదం పప్పులు, తేనె చుక్క బొమ్మ. వాసన బ్రహ్మాండం. పదిహేను రోజులు రాసినా పగుళ్ళు అలాగే ఉన్నాయి. అప్పుడు డబ్బా తిప్పి వెనకున్న చీమల బారు అక్షరాలు చదవడం మొదలుపెట్టాం. మాలో ఒకరిది బీఎస్సీ కెమిస్ట్రీ. ఆ పేర్లు ఒక్కొక్కటీ ఎక్కడినుంచి వచ్చాయా అని లైబ్రరీలో, ఫోనులో వెతుక్కుంటూ పోతే దాదాపు రెండు వేల ఏళ్ళు వెనక్కి పోవాల్సొచ్చింది.

ముందు చేతులు ఎందుకు పాడవుతున్నాయో చూద్దాం. చర్మం పైపొరంతా చచ్చిన కణాలే. గోడలో ఇటుకల మధ్య సున్నంలాగా ఆ కణాల మధ్య కొవ్వు ఉంటుంది. లోపలి తడి ఆరిపోకుండా కాపాడేది అదే. పత్తి తీసేటప్పుడు ఎండిన డొప్పల మొనలు వేళ్ళని గీరేస్తాయి. మిరప కోతల్లో ఎండ, దుమ్ము. సాయంత్రం మంటకి ఆగలేక బట్టల సబ్బుతో తోముకుంటారు. ఆ సబ్బు మిగిలిన కొవ్వుని కూడా ఊడ్చుకుపోతుంది. మిరపకాయలో ఘాటు పేరు క్యాప్సైసిన్. అది నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ఎన్ని చెంబులు పోసుకున్నా మంట పోనిది అందుకే. అమెరికాలో న్యూ మెక్సికో కూడా మనలాగే మిరప పండే చోటు. అక్కడివాళ్ళు 1987లో ఒక పరీక్ష ఫలితం ప్రచురించారు. మిరప మంట పట్టిన చేతుల్ని చన్నీళ్ళలో ముంచినవాళ్ళకంటే వంటనూనెలో ముంచినవాళ్ళకి ఎక్కువ ఉపశమనం దొరికిందని తేలింది. మా అమ్మోళ్ళు ముందు నూనె రుద్దుకుని, తర్వాత సబ్బు పెట్టుకునేది ఆ పరీక్ష చదివి కాదులెండి. క్రీము రాయబోయే ముందు మాత్రం ఇది తప్పకుండా చెయ్యాలి. లేకపోతే ఘాటుని లోపలే ఉంచి పైన మూత పెట్టినట్టు అవుతుంది.

ఇక క్రీము సంగతి. చేతుల క్రీములో పనికొచ్చే సరుకు మూడు రకాలు. తడిని పట్టి ఉంచేది ఒకటి. గరుకైన కణాల సందులు నింపి మెత్తన చేసేది ఇంకొకటి. తడి ఆరిపోకుండా పైన మూత వేసేది మూడోది. ఈ మూడూ మనిషికి ఒకేసారి దొరకలేదు.

మూత అన్నిటికంటే పాతది. రెండో శతాబ్దంలో రోములో గాలెన్ అనే వైద్యుడు తేనెమైనం, ఆలివ్ నూనె, గులాబీ నీళ్ళు కలిపి లేపనం చేశాడని చెబుతారు. ఇప్పటికీ కోల్డ్ క్రీమ్ అంటే దాని వారసత్వమే. అందులో అసలు పని చేసేది తేనెమైనం. నల్లమలలో చెంచులు తాళ్ళు కట్టుకుని కొండచరియల మీదినుంచి దించే తేనెపట్టులో ఉండేదీ అదే సరుకు. తేనె గురించి అందరూ మాట్లాడతారు, మైనం మాట ఎవరూ ఎత్తరు.

తర్వాతి మూత నూనె బావుల దగ్గర దొరికింది. అమెరికాలో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో 1859లో పెట్రోలియం పడింది. అక్కడ పంపు కడ్డీలకి జిడ్డులాంటి మైనం పట్టేది. అది పనికి అడ్డం, కూలీలు తిట్టుకుంటూ గీకేవాళ్ళు. కానీ చేతులు కోసుకున్నా, కాలినా అదే పూసుకునేవాళ్ళు. రాబర్ట్ చీజ్‌బ్రో అనే యువ కెమిస్టు అది చూసి, శుద్ధి చేసి, వాజెలిన్ అని పేరు పెట్టి 1872లో పేటెంట్ తీసుకున్నాడు. కనిపెట్టింది ఎవరు అని పరీక్షలో అడిగితే చీజ్‌బ్రో అనే రాయాలి. ముందు వాడి చూసింది మాత్రం కూలీలు. లేబుల్ మీద పెట్రోలేటమ్, పెట్రోలియం జెల్లీ అని ఉంటే అది ఇదే. గొర్రె బొచ్చుకి పట్టిన జిడ్డుని శుద్ధి చేసి లానోలిన్ తీయడం జర్మనీలో 1882 నాటి ముచ్చట. మన నెల్లూరు జాతి గొర్రెకి ఉన్ని ఉండదు, కాబట్టి ఇటువైపు ఆ దారి లేదు.

తడిని పట్టి ఉంచే సరుకు కథ వేరు. 1779లో స్వీడన్‌లో షీలే అనే శాస్త్రవేత్త ఆలివ్ నూనెని సీసపు భస్మంతో కాస్తుంటే తియ్యటి ద్రవం ఒకటి మిగిలింది. తర్వాత ఫ్రాన్సులో షెవ్రేల్ దానికి గ్లిజరిన్ అని పేరు పెట్టాడు. గ్రీకులో తీపి అని అర్థం. నూనెతో సబ్బు చేసినప్పుడల్లా గ్లిజరిన్ విడివడుతుంది. మొదట్లో సబ్బు కార్ఖానాల వాళ్ళు దాన్ని పారబోసేవాళ్ళు. 1867లో నోబెల్ డైనమైట్‌కి పేటెంట్ తీసుకున్నాక దానికి గిరాకీ వచ్చింది, ఎందుకంటే నైట్రోగ్లిజరిన్ చెయ్యాలంటే గ్లిజరిన్ కావాలి. పెద్ద కార్ఖానాలు సబ్బులోంచి గ్లిజరిన్ తీసేసి వేరుగా అమ్మడం అప్పటినుంచీ మామూలైంది. అంటే చెయ్యి ఎండబెట్టే సబ్బు ఒక కొట్లో కొనాలి, ఆ ఎండిన చేతికి రాసుకునే గ్లిజరిన్ ఇంకో కొట్లో కొనాలి. రెండూ వచ్చింది ఒకే నూనెలోంచి! ఇది చదివినప్పుడు మా రూములో అందరం నవ్వాం, తర్వాత కొంచెం కోపం కూడా వచ్చింది.

నీళ్ళూ కొవ్వూ విడిపోకుండా నిలిచే క్రీము 1911లో హాంబర్గ్‌లో తయారైంది. లిఫ్‌షూట్జ్ అనే కెమిస్టు ఉన్ని జిడ్డులోంచి తీసిన యూసెరిట్ అనే పదార్థంతో ట్రోప్లోవిట్జ్ అనే వ్యాపారి నివియా తెచ్చాడు. పేరుకి మంచులా తెల్లనిది అని అర్థం.

అదే 1911లో మన దగ్గర ఏం జరిగిందో కూడా చెప్పాలి. నేరస్థ తెగల చట్టాన్ని ఆ ఏడు తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఆ చట్టం కింద తెగ మొత్తాన్ని రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసుకునే అధికారం వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు, ఎరుకల కుటుంబాల్ని అక్కడ ఉంచారు. చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. మా రూములో ఎరుకల తమ్ముడు ఒకే మాటన్నాడు: "అప్పుడు మా ముత్తాతల వేళ్ళు బలవంతంగా పట్టుకుని మరీ ముద్ర వేయించారు. ఇప్పుడు మా అమ్మ తనే వేలు పెడుతుంటే పడటం లేదంటున్నారు." దానికి మేమెవరం ఏమీ అనలేకపోయాం.

మళ్ళీ క్రీముల దగ్గరికి వద్దాం. మన నాయనమ్మల కాలంలో స్నో అనే మాట ఉండేది, పెళ్ళికి స్నో, పౌడరు అంటారు చూడండి, అది. 1892లో ఇంగ్లండు కంపెనీ హేజలిన్ స్నో తెచ్చింది, 1919లో బొంబాయిలో పటన్‌వాలా ఆఫ్ఘన్ స్నో మొదలుపెట్టాడు. వీటికి ఆధారం స్టియరిక్ యాసిడ్. రాయగానే కనపడకుండా ఇంకిపోవడమే గొప్ప. మొహానికి సరే. కోతలకి పోయే చేతికి అలా మాయమయ్యేదానితో పనేముంది? మేం కొన్న బాదం క్రీము కూడా ఈ వంశానిదే. వరసలో నీళ్ళ తర్వాత స్టియరిక్ యాసిడ్ ఉంది. గ్లిజరిన్ అడుగున ఎక్కడో ఉంది.

ఆముదం గొడవకి జవాబు 1952లో బోస్టన్‌లో జరిగిన పనిలో దొరికింది. ఇర్విన్ బ్లాంక్ అనే పరిశోధకుడు గట్టిపడి ఎండిన చర్మపు ముక్కల్ని తీసుకుని చూశాడు. వాటిని నూనెల్లో నానబెట్టినా పెళుసుగానే ఉన్నాయి. నీళ్ళు తగిలితే మెత్తబడ్డాయి. అప్పటిదాకా చర్మం ఎండిందంటే నూనె తగ్గిందని అందరూ అనుకునేవాళ్ళు. చర్మానికి మెత్తదనం ఇచ్చేది నీళ్ళు, ఆ నీళ్ళని పోనీయకుండా ఆపేది నూనె. అంటే ఎండిన చేతికి ఆముదం ఎంత రాసినా లోపలికి తడి రాదు. ఈ లెక్కన అన్నలు ఓడిపోయారు కదా అనుకున్నాం. కానీ మాలో ఒకరు ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మని అడిగితే, ఆమె ఆముదం ఎప్పుడు రాసేదో చెప్పింది. రాత్రి అంట్లు తోమి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, తుడుచుకోకుండానే రాసుకునేదంట. తుడిస్తే మందు పనిచెయ్యదని వాళ్ళమ్మ చెప్పేదంట. తడి ముందు, మూత తర్వాత. బ్లాంక్ చెప్పిందీ ఇదే కదా. మనం ఆముదం మాట గుర్తుపెట్టుకుని తడి చేతుల సంగతి మర్చిపోయాం.

ఇంకొక పేరు దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. ఖరీదైన క్రీముల మీద షియా బటర్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది పశ్చిమ ఆఫ్రికాలో ఘనా, బుర్కినా ఫాసో లాంటి దేశాల్లో ఆడవాళ్ళు చెట్ల కింద ఏరే గింజల కొవ్వు. షియా చెట్టు, మన ఇప్ప చెట్టు ఒకే కుటుంబం, సపోటా కుటుంబం. ఇప్ప గింజల నూనె కూడా చలికి వెన్నలా గడ్డకడుతుంది. గోండు, కోలాం గూడేల్లో దాన్ని వంటకి, దీపానికి, ఒంటికి వాడుకున్నారు. 1956లో విశాఖపట్నంలో పెట్టిన గిరిజన సహకార సంస్థ, మనం జీసీసీ అంటాం, ఇప్ప గింజలు కొంటూ వచ్చింది. తేనె, సబ్బులు జీసీసీ పేరుతో కొట్లలో కనపడుతున్నాయి. ఇప్ప వెన్న మాత్రం చేతుల క్రీము డబ్బా మీద పెద్దక్షరాల్లో మాకు కనపడలేదు. ఉత్త ఇప్పనూనె మెత్తన చేస్తుంది, కొంత మూత వేస్తుంది, తడి మాత్రం పట్టదు. గ్లిజరిన్ తోడైతేనే అది క్రీము అవుతుంది. మనలో ఫార్మసీ, కెమిస్ట్రీ చదివేవాళ్ళు దీని మీద ప్రాజెక్టు చేస్తే బాగుంటుంది.

ఇప్పుడు కొట్లో డబ్బా ఎలా చూడాలంటే, బొమ్మ వదిలేసి వెనక జాబితా చదవాలి. మన దేశ నిబంధనల ప్రకారం 1 శాతం కంటే ఎక్కువ ఉన్నవాటిని ఎక్కువ నుంచి తక్కువ వరసలో రాయాలి. అంతకంటే తక్కువవి చివర్లో ఎలాగైనా రాసుకోవచ్చు. మొదట నీళ్ళు ఉంటాయి. ఆ తర్వాత నాలుగైదు పేర్లలోనే గ్లిజరిన్ లేదా యూరియా ఉండాలి, పెట్రోలేటమ్, లిక్విడ్ పారాఫిన్, లానోలిన్, డైమెథికోన్, తేనెమైనం వీటిలో ఏదో ఒకటి ఉండాలి. ఒక చిట్కా ఉంది. ఫినాక్సీ ఇథనాల్ అని ఒక పేరు కనపడుతుంది, క్రీము పాడవకుండా కలిపేది. దానికి పరిమితి 1 శాతం. దాని తర్వాత ఉన్న బాదం, తేనె, కలబంద దాదాపు పేరుకే ఉన్నట్టు లెక్క. మా డబ్బాలో బాదం నూనె, తేనె రెండూ దాని కిందే ఉన్నాయి.

యూరియా అంటే పొలంలో చల్లేదేనా అని అడగొచ్చు. అణువు అదే. 1828లో వోలర్ ప్రయోగశాలలో తయారుచేసింది అదే. మన చర్మంలో సహజంగా ఉండేదీ అదే. 5 శాతం, 10 శాతం యూరియా క్రీము ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే ఉంది. అలాగని ఎరువు బస్తాలోంచి తీసి మాత్రం రాసుకోకండి, అది మందుకి పనికొచ్చేలా శుద్ధి చేసింది కాదు. విచ్చుకున్న పగుళ్ళ మీద యూరియా క్రీము రాస్తే మండుతుంది కూడా. పుండు పడితే, చీము పడితే క్రీములు ఆపి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మేం ఆఖరికి చేసింది ఇది. మందుల షాపులో గ్లిజరిన్ సీసా, మామూలు వాజెలిన్ డబ్బా కొన్నాం. గ్లిజరిన్ ఉత్తది రాయకూడదు, ఎండాకాలం గాలిలో తడి లేకపోతే అది చర్మంలోంచే నీళ్ళు లాగుతుంది. ఒక వంతుకి మూడు వంతులు నీళ్ళు కలిపాం. రాత్రి నూనె, సబ్బు అయ్యాక తడి చేతులకి ఇది, పైన వాజెలిన్ పల్చగా, దాని మీద పాత కాటన్ సాక్సులు తొడుక్కోవడం. సాక్సులు చేతికా అని అమ్మోళ్ళు పడీ పడీ నవ్వారు.

మార్చిలో ఒకరి అమ్మకి మూడోసారి పెట్టినప్పుడు బొటనవేలు పడింది. గ్లిజరిన్ వల్లో, అప్పటికి కోతలు అయిపోయినందువల్లో చెప్పలేం. రెండో ఆమెకి ఇంకా పడలేదు. ఆమె ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ దగ్గర ముచ్చికల పనిలోనే ఉంది. పోయిన ఆదివారం హాస్టలుకొచ్చినప్పుడు సీసా అడుగున మిగిలింది చూపించి, ఇంకొకటి తెమ్మంది. తనతో పనిచేసే ఇంకో ఇద్దరు కూడా అడిగారంట.